పదహారు అడుగుల గొట్టం

పెళ్ళికి మూడు వారాలుందనగా వచ్చారిద్దరూ,
తడిసిన గొడుగు మడవడం కూడా మరిచి.
మర మెట్లెక్కేసరికి యాగొదాకి ఆయాసం,
కాత్స్పెర్ చేతిలో ఫోను, ఫోనులో జాబితా:
నలభై రెండు పాటలు.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ ఆర్గన్ ముందు కూర్చుంటున్నాను.
పుత్స్క్ ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు నా వీపు వెనకే జరిగాయి.
పెళ్ళికూతుళ్ళు నాకు కనపడేది
మెట్ల పలక పైన బిగించుకున్న
పాత ఫియట్ కారు అద్దంలో,
అగ్గిపెట్టెంత.

ఇది వద్దు, సినిమాలో తాగినవాడి పాట.
ఇది ఫాదర్ ఒప్పుకోడు.
ఇది ఆయన ఒప్పుకుంటాడు, నేనొప్పుకోను.
దీన్లో ఆ నల్లమెట్టు మాటిమాటికీ వస్తుంది;
అక్టోబరు చెమ్మకి అదొకసారి దిగిందా
గుమ్మంలో అప్పులవాడే, కదలదు.

"అయితే మళ్ళీ ఆ పాత మార్చేనా?" అన్నాడు కుర్రాడు.
అవును, అదే.
కలిసున్నవాళ్ళకీ అదే వాయించాను, విడిపోయినవాళ్ళకీ అదే.
పాట తప్పేం లేదు.

యాగొదా అప్పటిదాకా నోరు విప్పలేదు.
గొట్టాలకేసి చూస్తోంది,
పశువుల సంతలో ఎత్తు అంచనా వేసేవాళ్ళలా.
"మా నాన్నకి వినపడదు" అంది.

గ్దీన్యాలో, ఓడల పొట్టల్లో దూరి
ఇరవై ఎనిమిదేళ్ళు ఇనుము మీద సుత్తి.
ముందు పిచ్చుకలు పోయాయట.
తర్వాత టెలిఫోను.
తర్వాత అమ్మ.
"నా గొంతు అన్నిటికన్నా చివర పోయింది,
అరిచి మాట్లాడే పిల్లని కదా."

మా వైపు పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కలిసే నడిచొస్తారు.
ఈ పిల్ల మాత్రం నాన్న చెయ్యే పట్టుకుంటానంది.
"అడుగెప్పుడు వెయ్యాలో ఆయనకి తెలియాలి. అంతే."

గురువారం తీసుకొచ్చింది. బోగుమివ్.
టోపీ ఒళ్ళో పెట్టుకుని ముందు బల్ల మీద కూర్చున్నాడు.
మార్చ్ వాయించాను.
పరాయివాళ్ళ మనవల ఫొటోలు చూస్తున్నట్టు
మర్యాదగా తలూపాడు.
జాబితాలో ఏడోది. పదకొండోది.
మళ్ళీ తలూపాడు.

చివరికి, విసుగే అనుకోండి,
గోడ పెచ్చులు రాలతాయని నేను ముట్టని ఒక మీట లాగి
పదహారు అడుగుల చెక్క గొట్టానికి ఊపిరి వదిలి
ఎడమ కాలితో అన్నిటికన్నా కింది మెట్టు తొక్కాను.

అది శబ్దమనిపించదు.
కిటికీకి ఒళ్ళు జలదరించినట్టుంటుంది.
కీర్తనల పుస్తకం బల్ల అంచుకి జరిగింది.
బోగుమివ్ కిందికి చూశాడు.
ఒక బూటు విప్పాడు.
రెండోదీ విప్పాడు.
ఎడమ మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు.
"ఇంకా!" అన్నాడు,
వినపడనివాళ్ళ గట్టి గొంతుతో, గుడంతా ఉలిక్కిపడేలా.
"ఇంజను! మొదటిసారి అందుకున్నప్పుడు
డెక్కు మీద ఇలాగే నిలబడ్డాం, అందరం,
ఎవరూ మాట్లాడలేదు!"

ఆ రాత్రి కూర్చుని నాలుగు స్వరాలు రాశాను,
నాలుగూ కాళ్ళతో వాయించేవే.
స్వరానికో అడుగు, అడుక్కో శ్వాస.
దాన్ని పాటంటే నవ్వుతారు.

పెళ్ళిలో గెర్త్రూదా అత్త పక్కావిడ్ని అడిగిందట,
ఆర్గన్ పాడైందా అని.
ఫాదర్ భుజం మీద సున్నం రాలింది.
అగ్గిపెట్టెంత అద్దంలో నేను చూసింది ఇంతే:
మూడో స్వరం దగ్గర పిల్ల తొందరపడింది,
ఆయన మోచెయ్యి బిగించి
ఆపాడు,
గొట్టం చెప్పాక కదిలాడు.
పల్చటి అట్టల బూట్లు, కొత్తవి.

నలభై రెండు పాటలూ తర్వాత హాల్లో మోగాయట.
నేను సూపు తాగి వచ్చేశాను.
ఇంట్లో చెప్పులు విప్పి
చెక్క నేల మీద కాసేపు ఊరికే నిలబడ్డాను.
కింది వాటాలో ఎవరిదో
బట్టలుతికే మిషను తిరుగుతోంది.